భుజాలకి డంబెల్స్ ఒక్కటే సరిపోతాయా? ఏళ్ల తరబడి వాడాక నా మాట

సరిపోతాయి. కాకపోతే యూట్యూబ్‌లో వెతికితే డంబెల్స్‌తో చేసే షోల్డర్ ఎక్సర్‌సైజులు పాతిక ముప్పై కనిపిస్తాయి, వాటిలో నిజంగా పనికొచ్చేవి నాలుగే, మిగతావి వీటినే అటూ ఇటూ తిప్పి చూపించేవి. నేను ఇంట్లోనే చేస్తా, మొదట్లో ప్లేట్లు మార్చుకునే ఇనప రాడ్ సెట్, తర్వాత రబ్బర్ హెక్స్ (ఆరు పలకల తల ఉన్న) డంబెల్స్, వాటితో పాటు వాలు మార్చుకునే బెంచ్ ఒకటి. ఇంతే సామాను.

భుజం కండ, అంటే డెల్టాయిడ్, ఒకటే ముద్ద కాదు, ముందు, పక్క, వెనక అని మూడు భాగాలు. ముందు భాగం ఛాతీకి చేసే ప్రతిదాంట్లో ఎలాగూ పనిచేస్తుంది, బెంచ్ ప్రెస్ అయినా మన పాత దండీలు అయినా సరే. అందుకే చాలామందికి ముందు భాగం బాగానే ఉండి పక్క, వెనక పలచగా ఉంటాయి. ఎదురుగా చూస్తే వెడల్పు కనిపించేది పక్క భాగం వల్ల, పక్కనుంచి చూస్తే భుజం నిండుగా కనిపించేది వెనక భాగం వల్ల. అందుకని డంబెల్‌ని ముందుకి లేపే ఫ్రంట్ రైజ్ నేను చెయ్యను, ప్రెస్, అంటే బరువుని భుజాల దగ్గర నుంచి నెత్తి మీదకి నెట్టేది, చేసేవాళ్లకి దాంతో పనిలేదు. ష్రగ్స్ (బరువు పట్టుకుని భుజాలు ఎగరేసేది) కూడా భుజాల రోజునే చేస్తుంటారు గానీ అది మెడ పక్కనుండే ట్రాప్స్‌కి, డెల్టాయిడ్‌కి కాదు.

ప్రెస్ మాత్రం ఉండాల్సిందే. బార్‌బెల్ (రెండు చేతులతో పట్టే పొడవాటి రాడ్) కంటే డంబెల్స్ ఎందుకు నచ్చాయంటే ఏ చెయ్యి దాని దారిన అది వెళ్తుంది, మణికట్టు ఇరుక్కోదు, ఎడమ చెయ్యి వీక్‌గా ఉంటే కుడి చెయ్యి దాన్ని కవర్ చెయ్యలేదు. బెంచ్‌ని నిట్టనిలువుగా పెట్టకుండా ఒక గడి కిందకి దించి కూర్చుంటా, మోచేతులు పూర్తిగా పక్కకి కాకుండా కాస్త ముందుకి, డంబెల్స్ చెవుల దాకా వచ్చేలా దించుతా. నిలబడి చేస్తే భుజాలకి ఇంకా బాగా తగులుతుంది, ఇది నా ఒక్కడి మాట కాదు, 2013లో వచ్చిన ఒక నార్వే స్టడీలో కూర్చునీ నిలబడీ, బార్‌తో డంబెల్స్‌తో నాలుగు రకాలుగా ప్రెస్ చేయించి కండరాల్లో కరెంటు కొలిస్తే డెల్టాయిడ్ ఎక్కువ పనిచేసింది నిలబడి డంబెల్స్‌తో చేసినప్పుడే, కానీ లేపగలిగిన బరువు కూడా దాంట్లోనే తక్కువ. నిలబడితే వచ్చే చిక్కు ఏంటంటే బరువు పెరిగే కొద్దీ మనకి తెలీకుండానే వెనక్కి వాలిపోతాం, అలా వాలితే అది ఛాతీ పైభాగానికి వెళ్లిపోతుంది, నడుం మీద కూడా పడుతుంది. ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో 1972 మ్యూనిక్ దాకా ప్రెస్ కూడా ఉండేది, లిఫ్టర్లు ఇలాగే వాలిపోతుంటే ఏది కరెక్టో ఏది కాదో జడ్జిలు తేల్చలేక దాన్ని తీసేశారు. అంతటి వాళ్లకే నడుం నిలవలేదంటే మనం బరువు ఎక్కువున్న రోజు కూర్చుని చేసుకోవడమే మంచిది.

ఆర్నాల్డ్ ప్రెస్ గురించి కూడా అడుగుతుంటారు, అరచేతులు మొహం వైపు పెట్టి మొదలెట్టి తిప్పుతూ లేపేది. చెయ్యడానికి బాగుంటుంది, కానీ తిప్పాలి కాబట్టి బరువు తగ్గించుకోవాలి, మామూలు ప్రెస్ ఇవ్వనిది అది నాకు ఇచ్చింది ఏమీ లేదు.

ఇక అసలు సంగతి ల్యాటరల్ రైజ్, చేతుల్ని పక్కలకి లేపేది. భుజాలు వెడల్పు కావాలి అన్నవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే, జిమ్‌లో ఎక్కువమంది పాడు చేసేదీ ఇదే. బరువు ఎక్కువ పట్టుకుని నడుంతో ఊపి లేపేస్తారు, భుజాలు చెవుల దాకా ఎగేస్తారు, అప్పుడు పనిచేసేది ట్రాప్స్. చెయ్యి చాపినప్పుడు బరువు భుజానికి చాలా దూరంలో ఉంటుంది కాబట్టి ఇక్కడ 5 కిలోలంటే చిన్న బరువేం కాదు, దానికి సిగ్గుపడక్కర్లేదు. సరిగ్గా పక్కకి కాకుండా ఒక 30 డిగ్రీలు ముందుకి లేపాలి, రెక్క ఎముక వాలు అటే ఉంటుంది, కీలు ఫ్రీగా తిరుగుతుంది. మోచెయ్యి కొంచెం మడిచి, భుజం ఎత్తు దాకా లేపి, దించేటప్పుడు ధడేల్మని వదలకుండా రెండు మూడు సెకన్లు తీసుకోవాలి. పైకి వచ్చాక నీళ్లు వంచినట్టు బొటనవేలు కిందకి తిప్పమని కొంతమంది ట్రైనర్లు చెప్తారు, అది నాకు అస్సలు నచ్చదు, అలా తిప్పి లేపితే భుజం లోపల ఎముకల మధ్య టెండన్లు (కండని ఎముకకి కట్టి ఉంచేవి) ఉండే జాగా తగ్గుతుంది, చాలామందికి అక్కడే గుచ్చుకుంటుంది. అప్‌రైట్ రో కూడా చేతులు దగ్గరగా పట్టుకుని గడ్డం దాకా లాగితే ఇదే గొడవ.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది చాలామంది పట్టించుకోరు. నిలబడి చేసే ల్యాటరల్ రైజ్‌లో చెయ్యి కింద ఉన్నప్పుడు భుజం మీద బరువేం ఉండదు, భుజం ఎత్తుకి వచ్చేసరికి మొత్తం పడుతుంది. అదే ఇంక్లైన్ బెంచ్ (వాలుగా పెట్టిన బెంచ్) మీద పక్కకి తిరిగి పడుకుని పైచేత్తో లేపితే కింద నుంచే బరువు తగులుతుంది, కండ సాగి ఉన్నప్పుడే పని పడుతుంది. కేబుల్ మెషీన్ లేని ఇంట్లో దాని లోటు తీర్చేది ఇదే, నిలబడి చేసేదాంట్లో సగం బరువు చాలు. నేను రెండూ ఉంచుకున్నా, ఒక రోజు నిలబడి, ఇంకో రోజు పడుకుని.

వెనక భాగానికి నడుం వంచి గాల్లో చేసే రియర్ ఫ్లై (చేతులు రెక్కల్లా పక్కలకి లేపేది) కంటే ఇంక్లైన్ బెంచ్ మీద బోర్లా ఛాతీ ఆనించి చేసేది చాలా నయం, ఊపడానికి కుదరదు. రెక్కలు రెండూ దగ్గరకి నొక్కితే వీపు మధ్య కండరాలు లాక్కుంటాయి, కాబట్టి నొక్కకుండా చేతులు పక్కలకి దూరంగా విసురుతున్నట్టు వెళ్లాలి. అదే బెంచ్ మీద మోచేతులు బయటకి పెట్టి డంబెల్స్ పైకి లాగే 45 డిగ్రీల రో నా నాలుగోది. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ అనే ఫిట్‌నెస్ సంస్థ వాళ్లు 2014లో విస్కాన్సిన్ యూనివర్సిటీ లా క్రాస్ వాళ్లతో చేయించిన, ఇలాగే కండరాల్లో కరెంటు కొలిచే టెస్టులో ముందు భాగానికి డంబెల్ ప్రెస్ పైన వచ్చింది, ఈ 45 డిగ్రీల రో మాత్రం పక్క భాగానికీ వెనక భాగానికీ రెండింటికీ బాగా వచ్చింది. కరెంటు ఎక్కువ చూపించినంత మాత్రాన కండ అంతే పెరుగుతుందని కాదు, ఆ తేడా గుర్తుపెట్టుకోవాలి, కానీ టైం లేని రోజు ప్రెస్, ఈ రో చేసుకుంటే మూడు భాగాలూ కవర్ అయిపోతాయి.

వారానికి రెండుసార్లు చేస్తా. ప్రెస్ మూడు సెట్లు, ఎనిమిది పది రెప్స్. ల్యాటరల్ నాలుగు సెట్లు, పన్నెండు నుంచి ఇరవై. వెనకవి మూడు, పదిహేను. రెండో రోజు ల్యాటరల్‌తోనే మొదలుపెడతా, ప్రెస్ ఎప్పుడూ ముందుంటే పక్క భాగానికి అలిసిపోయిన చెయ్యే మిగులుతుంది. కండ మండడం వేరు, భుజం పైన గుచ్చినట్టు ఉండడం వేరు, రెండోది వస్తే ఆ రోజుకి డంబెల్ కింద పెట్టేయండి, తగ్గకపోతే ఫిజియోకి చూపించుకోండి.

సామాను గురించి. రాడ్ సెట్‌లో ప్లేట్లు జారకుండా పట్టే స్టార్ నట్టు ఎక్సర్‌సైజ్ మధ్యలో వదులవుతుంటుంది, ప్రెస్ అంటే నెత్తి మీద బరువు కాబట్టి ప్రతి సెట్ ముందు బిగించి చూసుకోవాలి. హెక్స్ డంబెల్స్‌కి ఆ భయం లేదు, రబ్బర్ వాసన కొన్ని వారాలు ఉండి పోతుంది. వాటితో అసలు ఇబ్బంది సైజుల మధ్య గ్యాప్. ప్రెస్‌లో 15 కిలోల నుంచి 17.5కి వెళ్లడం పర్లేదు, ల్యాటరల్‌లో 5 నుంచి 7.5 అంటే ఒకేసారి సగం పెరిగినట్టు, ఫామ్ (చేసే తీరు) మొత్తం పోతుంది. నేను మణికట్టుకి చుట్టుకునే అర కిలో, కిలో బెల్టులు తీసుకున్నా, 5 కాస్తా 5.5, 6 అయ్యి మెల్లగా 7.5కి చేరా, అప్పటిదాకా ఆగిపోయిన ల్యాటరల్ అక్కడి నుంచే కదిలింది. కొత్తగా కొనేవాళ్లు పెద్ద సైజుల మీద డబ్బులు పెట్టేముందు 2.5, 5, 7.5 జతలు, ఆ బెల్టులు ముందు తెచ్చుకోండి, ప్రెస్ కోసం 10, 12.5 తర్వాత కొనుక్కోవచ్చు.