వానాకాలానికి ఏ మడ్‌గార్డు మేలు? పొట్టి క్లిప్పుదా, పొడుగు ప్లాస్టిక్‌దా, పాత రేకుదా?

గేర్ సైకిల్ కొన్నవాళ్ళలో చాలామందికి దానికి మడ్‌గార్డులు లేవన్న సంగతి మొదటి వాన పడ్డ రోజే తెలుస్తుంది. నాకూ అంతే. తార్నాక నుంచి సికింద్రాబాద్‌లో మా ఆఫీసుకు ఆరు కిలోమీటర్లు. ఆ రోజు వాన అప్పటికే వెలిసింది, రోడ్డు మీద మాత్రం నీళ్ళు నిలిచి ఉన్నాయి. రెయిన్‌కోటు అక్కర్లేదనుకుని బయల్దేరాను. ఆఫీసులో చొక్కా విప్పి చూస్తే నడుము నుంచి మెడ దాకా నల్లటి బురద చార. సాక్సులు పిండితే నీళ్ళు కారాయి. పైనుంచి ఒక్క చినుకు పడకుండానే అంతగా తడిశాను.

ఆ తర్వాత ఆరేళ్ళలో మూడు రకాలూ వాడాను. మొదటిది సీటు కింది గొట్టానికి తగిలించే పొట్టి క్లిప్పు రకం. రెండోది చక్రాన్ని సగానికి పైగా కప్పుతూ కడ్డీలతో బిగించే పొడుగు ప్లాస్టిక్‌ది. మూడోది మా నాన్న సైకిల్‌కి ఉన్న రేకు మడ్‌గార్డు, అదిప్పటికీ ఊళ్ళో వాడుకలోనే ఉంది. రోజూ తారురోడ్డు మీద పనికి వెళ్ళేవాళ్ళకు పొడుగు ప్లాస్టిక్‌దే మేలని నా అభిప్రాయం. అయితే అన్ని రోడ్లకూ ఇదే మాట చెప్పలేను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నీళ్ళు ఎక్కడ పడతాయో చూడాలి. వెనక చక్రం ఎగజిమ్మిన నీళ్ళు వీపు మీద పడతాయి, అది అందరికీ తెలుసు. చాలామంది పట్టించుకోనిది ముందు చక్రం. అది నేలను తాకి పైకి లేచే చోట నీళ్ళను వెనక్కి విసురుతుంది. అవి సరిగ్గా బూట్ల మీద, పెడల్ ఇరుసు మీద, చైను మీద పడతాయి. వాటితోపాటు ఇసుక కూడా. కాస్త వేగంగా వెళ్తే చక్రం పైభాగం నుంచి నీళ్ళు ముందుకు ఎగురుతాయి, మనం ఎదురెళ్ళి వాటిని మొహానికి పూసుకుంటాం. అంటే వీపుని కాపాడేది వెనక మడ్‌గార్డు. కాళ్ళనీ, చైనునీ, కళ్ళనీ కాపాడేది ముందుది. ఒక్కటే కొనే స్తోమత ఉంటే వెనకదే కొంటారు ఎవరైనా. నన్నడిగితే ముందుదే కొనమంటాను. చొక్కా ఆఫీసులో మార్చుకోవచ్చు, తడిసిన బూట్లు సాయంత్రానికి కూడా ఆరవు.

పొట్టి క్లిప్పు రకం ఇక్కడే ఓడిపోతుంది. వెనకది వీపుని బాగానే కాపాడుతుంది, అందులో వంక పెట్టను. ముందుది ఫ్రేము కింది గొట్టానికి కట్టే చిన్న రెక్క. అది గొట్టాన్ని కాపాడుతుంది గానీ కాళ్ళను కాదు. పైగా గుంతలో పడ్డప్పుడల్లా వెనకది పక్కకి తిరిగిపోతుంది, దాన్ని చేత్తో సర్దుకుంటూ తొక్కాలి. దీని మేలు ఒకటే: వాన లేని నెలల్లో అర నిమిషంలో తీసేయవచ్చు. నానక్‌రామ్‌గూడ వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది కదా, 23 కిలోమీటర్లది. వారాంతాల్లో కారులో సైకిల్ తీసుకెళ్ళి ఆ ట్రాక్ మీద మాత్రమే తొక్కేవాళ్ళకు ఇది చాలు. వాళ్ళు ఇంతకన్నా ఎక్కువ ఖర్చు పెట్టుకోనక్కర్లేదు.

ఇక ప్లాస్టిక్‌దీ రేకుదీ. రెండూ చక్రాన్ని నిండుగా కప్పేవే, కాబట్టి తడి విషయంలో పెద్ద తేడా లేదు. తేడా అంతా మిగతా విషయాల్లో ఉంది.

రేకుది చేత్తో పట్టుకుంటేనే బరువు తెలుస్తుంది. సొట్ట పడితే సుత్తితో కొట్టుకుని సరిచేసుకోవచ్చు, చీలితే వెల్డింగ్ షాపులో అతికించుకోవచ్చు. ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతుంది, ధర కూడా తక్కువ. వెనక మడ్‌గార్డు చివర తెల్ల రంగు, దాని మీద ఎర్ర రిఫ్లెక్టర్ ఉండేవి గుర్తున్నాయా? రాత్రి లారీ లైటు పడితే చాలా దూరం నుంచే కనబడేది. కొత్త సైకిళ్ళలో నాకు వెలితిగా అనిపించేది ఆ తెల్ల రంగే. నా ప్లాస్టిక్ మడ్‌గార్డుకు కూడా రిఫ్లెక్టర్ టేపు జానెడు ముక్క అతికించుకున్నాను.

రేకుకు శత్రువు తుప్పు. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. లోపలి వైపు టైరు విసిరే కంకర ముక్కలు రంగును చెక్కేస్తాయి, తుప్పు అక్కడ మొదలవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది మరీ తొందరగా జరుగుతుంది. అక్కడివాళ్ళు ప్లాస్టిక్‌కో అల్యూమినియంకో వెళ్ళడమే మంచిది. అల్యూమినియంవి చూడ్డానికి చాలా అందంగా ఉంటాయి. జపాన్‌లో హోంజో కంపెనీ సుత్తిదెబ్బల నగిషీతో చేసేవి చూస్తే చూపు తిప్పుకోలేం. కాకపోతే వాటికి మనమే రంధ్రాలు వేసుకోవాలి, ఒక్కటి తప్పుగా వేస్తే అంతా వృథా. వాటి జోలికి నేను పోలేదు.

రేకుతో ఇంకో చిక్కు కొలతలది. పాత రోడ్‌స్టర్ సైకిల్‌నీ 28 అంగుళాల చక్రం అంటాం, ఇప్పటి హైబ్రిడ్ గేర్ సైకిళ్ళ 700సి కొలత చక్రాన్నీ 28 అనే అంటాం. రెండూ ఒకటి కాదు. రిమ్ము మీద టైరు కూర్చునే చోట పాతదాని వ్యాసం 635 మిల్లీమీటర్లు, కొత్తదానిది 622. పాత మడ్‌గార్డు కొత్త చక్రం మీద కూర్చుంటుంది గానీ దాని వంపు చక్రం వంపుతో కలవదు. పైగా పాత సైకిళ్ళలో చాలావాటికి మడ్‌గార్డు కడ్డీలు నేరుగా ఇరుసు నట్టు కిందే బిగిస్తారు. కొత్తవాటిలో చక్రం తీయడానికి లివర్ ఉంటుంది, అక్కడ కడ్డీ పట్టించడం కుదరదు. తక్కువ ధరకు వస్తుందని రేకుది కొనుక్కొచ్చి హైబ్రిడ్‌కి వేయించాలనుకునేవాళ్ళు ఇది చూసుకోవాలి.

ప్లాస్టిక్‌ది తేలిక, తుప్పు పట్టదు, లొడలొడ తక్కువ. మంచివాటిలో ఉత్త ప్లాస్టిక్ ఉండదు. జర్మనీ ఎస్‌కెఎస్ కంపెనీ క్రోమోప్లాస్టిక్ రకంలో ప్లాస్టిక్ పొరల మధ్య అల్యూమినియం రేకు ఉంటుంది, అందుకే వంపు నిలబడుతుంది. చౌకవాటికి ఆ బలం ఉండదు. నేను మొదట కొన్నది అలాంటిదే. మన రోడ్ల అదురుకి ఎనిమిది నెలల్లో ఫోర్కు (ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే కవ) దగ్గర బోల్టు పట్టే రంధ్రం చుట్టూ వెంట్రుకంత గీత పడింది, పదో నెలలో అక్కడే రెండు ముక్కలైంది. కొనేటప్పుడు ఆ చోటే చూడండి: రంధ్రం చుట్టూ లోహపు పట్టీ ఉంటే తీసుకోండి, లేకపోతే వదిలేయండి.

ప్లాస్టిక్‌నే కాదు, ముందు చక్రానికి ఏ పొడుగు మడ్‌గార్డు వేసినా ఒక ప్రమాదం ఉంది. దీన్ని ఎవరూ చెప్పరు కాబట్టి నొక్కి చెబుతున్నాను. రోడ్డు మీద పడ్డ పుల్ల టైరుకు అంటుకుని పైకి వచ్చి, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కుంటే, మడ్‌గార్డు మడతపడి ఫోర్కు కిందికి దూరుతుంది. చక్రం ఉన్నపళంగా ఆగిపోతుంది, మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. దీనికి విరుగుడుగా మంచి సెట్లలో ముందు కడ్డీల చివర ఊడిపోయే క్లిప్పు పెడతారు. లాగుడు ఎక్కువైతే కడ్డీ అక్కడ తనంతట తానే ఊడి వస్తుంది, చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఉస్మానియా క్యాంపస్‌లో గాలివాన తర్వాత తురాయి కొమ్మల మధ్య నుంచి వెళ్తుంటే నాకిది జరిగింది. టక్కుమని చప్పుడు, కడ్డీ ఊడి వేలాడింది, దిగి పుల్ల తీసి క్లిప్పు మళ్ళీ నొక్కాను, అంతే. ఆ క్లిప్పు లేని ముందు మడ్‌గార్డు కొనవద్దు, ఎంత చౌకగా ఇచ్చినా సరే.

బిగించడంలో అసలు పని కొలతల దగ్గరే ఉంది. టైరు కన్నా మడ్‌గార్డు ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్లు వెడల్పు ఉండాలి. 35 మిల్లీమీటర్ల టైరుకు 45ది సరిపోతుంది. మౌంటెన్ సైకిళ్ళ 2.1 అంగుళాల టైరు దాదాపు 53 మిల్లీమీటర్లు, దానికి 60 దాటినది కావాలి. ఆ తర్వాత ఫోర్కు చివర, వెనక ఇరుసు పట్టే చోట, మడ్‌గార్డు కోసం చిన్న మరల రంధ్రాలు ఉన్నాయేమో చూడాలి. సాధారణంగా 5 మిల్లీమీటర్ల బోల్టు పడుతుంది. లేకపోతే గొట్టం చుట్టూ పట్టే రబ్బరు క్లాంపులు దొరుకుతాయి. ముందు ఫోర్కుకు షాక్ అబ్జార్బర్ ఉంటే పొడుగుది కుదరడం కష్టం. అలాంటివాళ్ళు వెనక పొడుగుది, ముందు ఫోర్కు గొట్టంలోకి కింది నుంచి బిగించే రకం వేసుకోవాలి. డిస్క్ బ్రేకు ఉంటే కడ్డీ దానికి తగులుతుంది. పొడుగు బోల్టు వేసి మధ్యలో ఒక గొట్టం ముక్క పెడితే కడ్డీ పక్కకి జరుగుతుంది.

నాది హబ్సిగూడలో ఒక చిన్న షాపులో బిగించారు. మెకానిక్ అన్న మంచి పనివాడు, కానీ అలవాటు కొద్దీ మడ్‌గార్డును టైరుకు ఆనించినంత దగ్గరగా పెట్టబోయాడు.

"గిట్ల దగ్గరగ ఉంటే మస్తు కనబడ్తది సార్" అన్నాడు.

"వద్దన్నా, చిటికెన వేలు దూరి తిరగాలి. మొత్తం చుట్టూ అంతే ఉండాలి" అన్నాను.

మళ్ళీ విప్పి, కడ్డీలు అర అంగుళం బయటకి జరిపి, చక్రం తిప్పి చూపించాడు. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు పై నుంచి కింద దాకా ఒక్కలా కనబడింది. బలవంతంగా వంచి బోల్టు వేస్తే ప్లాస్టిక్ ఎప్పుడూ బిగువులో ఉంటుంది, పగిలేది అక్కడే. ఏ బోల్టూ వేయకముందే మడ్‌గార్డు తన చోట తాను ఊరికే కూర్చోవాలి. కూర్చోకపోతే వాషర్లు వేసి సందు నింపాలి. నట్లు లోపల నైలాన్ రింగు ఉన్నవైతే అదురుకి వదులు కావు. బయటకి పొడుచుకొచ్చిన కడ్డీ చివరలు హాక్సా బ్లేడుతో కోయించి ప్లాస్టిక్ టోపీలు పెట్టించండి, లేకపోతే పిక్కలు గీసుకుపోతాయి. పెడల్ మీద కాలు పెట్టి హ్యాండిల్ పూర్తిగా తిప్పి కూడా చూడండి. చిన్న ఫ్రేము, పెద్ద బూట్లు అయితే బొటనవేలు మడ్‌గార్డుకు తగులుతుంది. మెల్లగా మలుపు తిరిగేటప్పుడు అది పడేస్తుంది.

ముందు మడ్‌గార్డు చివర కిందికి వేలాడే రెక్క, అంటే ఫ్లాప్, తప్పకుండా ఉండాలి. కంపెనీది చిన్నగా ఉంటే పాత ట్యూబు ముక్క కత్తిరించి రెండు బోల్టులతో కలపండి. నేలకు బెత్తెడు ఎత్తులో ఆగాలి. స్పీడ్ బ్రేకర్‌కు తగిలినా రబ్బరు కాబట్టి వంగి లేస్తుంది. ఈ ఒక్క ముక్కతో నా సాక్సులు పొడిగా ఉండడం మొదలైంది. అంతకు ముందు వానాకాలంలో రెండు రోజులకోసారి చైను తుడిచి నూనె వేసేవాణ్ణి, ఇప్పుడు వారానికి ఒకసారి చాలు. 200 కిలోమీటర్ల బ్రెవేలకు, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ యాత్రలకు, వెళ్ళేవాళ్ళు వెనక మడ్‌గార్డుకు కూడా పొడుగు ఫ్లాప్ పెట్టుకోవాలి. పదమూడున్నర గంటల గడువులో సగం దూరం ఒకరి వెనక ఒకరు తొక్కుతారు. మనకు వీపు పొడిగానే ఉన్నా, వెనకవాడి నోట్లో మన చక్రం బురద పడుతుంది.

ఇప్పటిదాకా చెప్పిందంతా తారురోడ్డు మాట. నల్లరేగడి నేలలో లెక్క తిరగబడుతుంది. మాది గుంటూరు వైపు పల్లె. మా నాన్న మిరప చేనుకు సైకిల్ మీదే వెళ్ళేవాడు. తడిసిన రేగడి టైరుకు జారిపోయే బురదలా అంటదు, పిండి ముద్దలా పడుతుంది. చక్రం తిరిగిన కొద్దీ మడ్‌గార్డు లోపల పొర మీద పొర పేరుకుంటుంది. పది గజాలు వెళ్ళేసరికి సైకిల్ కదలదు. నాన్న క్యారియర్‌కి ఒక తుమ్మ పుల్ల కట్టుకుని ఉండేవాడు, ఆగి ఆగి దాంతో లోపలి మట్టి పొడిచి తీసేవాడు. ఒక్కోసారి సైకిల్‌ని భుజాన వేసుకుని గట్టు దాటేవాడు. అలాంటి చోట నిండుగా కప్పే మడ్‌గార్డు, అది ఏదైనా, బరువే తప్ప సాయం కాదు. అక్కడ టైరుకు బాగా ఎత్తులో ఉండే పొట్టి క్లిప్పు రకమే మేలు. నగరంలో నేను వద్దన్నదే ఊళ్ళో మంచి పని చేస్తుంది. రోజూ కొంత తారు, కొంత డొంక దారి ఉన్నవాళ్ళయితే పొడుగుదే వేసుకుని, సందు చిటికెన వేలు బదులు బొటనవేలు దూరేంత పెట్టించుకోండి. కాస్త నీళ్ళు పక్కకి చిమ్ముతాయి గానీ చక్రం ఆగదు.

నాన్న ఇప్పుడు చేనుకు వెళ్ళడం తగ్గించాడు, పాల కేంద్రానికీ రచ్చబండకీ మాత్రం ఆ సైకిలే. ఈ జూన్‌లో ఊరెళ్ళినప్పుడు ఎప్పటిలాగే ముందు మడ్‌గార్డు విప్పి, లోపల తుప్పు గీకి, రంగు వేసి, ఆరాక అటక మీద పెట్టి వచ్చాను. సంక్రాంతికి నేల ఆరాక మళ్ళీ బిగించాలి.