తుఫాను గాలికి ఇల్లు దెబ్బతిని బీమా సొమ్ము ఆగితే: అంబుడ్స్‌మనా, వినియోగదారుల కమిషనా, శాశ్వత లోక్ అదాలతా?

తుఫానులో దెబ్బతిన్న ఇంటికి బీమా కంపెనీ సొమ్ము ఇవ్వబోమని ఉత్తరం రాసినా, అడిగిన దానిలో మూడో వంతుకు మించి ఇవ్వలేమని చెప్పినా, చాలామంది వెంటనే వకీలును వెతకడం మొదలుపెడతారు. అది సహజమే. అయితే వకీలు ఎవరన్నదాని కంటే ముందు, ఈ తగాదాను ఎవరి ముందు పెట్టాలన్నది తేల్చుకోవాలి. వకీలు అవసరమా, ఎంత ఖర్చవుతుంది, అక్కడ ఓడితే మరో దారి మిగులుతుందా అన్నవన్నీ ఆ ఎంపికపైనే ఆధారపడి ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల వరకు చేరింది. నగర విమానాశ్రయం పైకప్పు సైతం ఆ గాలికి నిలవలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతాన్ని, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల తీరాన్ని దెబ్బతీశాయి. తీర జిల్లాలలో ఇల్లో, దుకాణమో, గోదామో ఉన్న ప్రతివారికీ అవసరపడే విషయం కనుక, బీమా అంబుడ్స్‌మన్ (బీమా కంపెనీలపై ఫిర్యాదులను విని తీర్పు ఇచ్చే అధికారి), జిల్లా వినియోగదారుల కమిషన్, శాశ్వత లోక్ అదాలత్ అనే మూడు దారులను ఇక్కడ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

ముందుగా తగాదా దేని గురించో గుర్తించాలి. ప్రామాణిక అగ్నిప్రమాద పాలసీలోనూ, ఇళ్ల కోసం 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలోనూ తుఫాను, పెనుగాలి, వరద, ముంపు అన్నీ ఒకే రక్షణ కిందకు వస్తాయి. అమెరికాలో మామూలు ఇంటి పాలసీకి వరద నష్టం వర్తించదు కనుక, గోడను కూల్చింది గాలా, నీరా అన్న వాదం అక్కడ ఏళ్ల తరబడి సాగుతుంది. మన దగ్గర తగాదాలు వేరే చోట పుడతాయి. రేకులు ముందే తుప్పు పట్టి ఉన్నాయని, గోడ పాత చెమ్మ వల్లనే ఒరిగిందని, నిర్వహణ సరిగా లేదని, నష్టాన్ని అంచనా వేసే సర్వేయరు రాస్తే అది కారణానికి సంబంధించిన తగాదా. సాక్ష్యం లేకుండా అది తేలదు. తరుగు కింద, అంటే కట్టడం పాతబడిందన్న లెక్కతో, ఎక్కువ కోత పెట్టారన్నది లెక్కకు సంబంధించినది. ఫలానా షరతు మీకు వర్తించదన్నది పాలసీ పాఠానికి సంబంధించినది. ఈ తేడాను బట్టే ఏ దారి మేలో తెలుస్తుంది.

లెక్కల తగాదాలలో ఎక్కువగా కనిపించేది తక్కువ విలువకు బీమా చేయించడం. పాత ప్రామాణిక అగ్నిప్రమాద పాలసీలో 40 లక్షల రూపాయల విలువైన కట్టడానికి 20 లక్షలకే బీమా చేయించి ఉంటే, 6 లక్షల నష్టానికి 3 లక్షలే లెక్కకు వస్తాయి. తుఫాను వంటి ప్రకృతి వైపరీత్యాలలో ఆ మొత్తంలో మొదటి 5 శాతాన్ని, కనీసం 10,000 రూపాయలకు తగ్గకుండా, యజమానే భరించాలి. భారత్ గృహ రక్షలో మాత్రం ఈ తక్కువ బీమా కోత లేదు. ఇంటి పాలసీ అది అయి ఉండి కూడా సర్వేయరు ఆ కోత వేస్తే, పాలసీలోని ఆ షరతును చూపిస్తూ రాసే ఒక్క ఉత్తరంతోనే తగాదా ముగిసే అవకాశం ఉంది. గృహ రుణంతో పాటు బ్యాంకే తీయించిన పాలసీ అయితే దాని పూర్తి ప్రతి చాలామంది దగ్గర ఉండదు; దానిని బ్యాంకు నుంచి తెప్పించుకుని, సర్వేయరు నివేదిక ప్రతిని కూడా అడిగి తీసుకోనిదే ఏ దారినీ ఎంచుకోకూడదు.

ఇక మొదటి దారి బీమా అంబుడ్స్‌మన్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం ఫిర్యాదులను హైదరాబాదులోని కార్యాలయం చూస్తుంది. రుసుము లేదు. ఇక్కడ వకీలుకు ప్రవేశం లేదు. పాలసీదారు గానీ, వారసులు గానీ, నామినీ గానీ స్వయంగా చెప్పుకోవాలి. దీనిని లోటుగా భావించేవారు ఉన్నారు కానీ, నా దృష్టిలో మామూలు ఇంటి యజమానికి ఇది పెద్ద వెసులుబాటు, ఎందుకంటే అవతలి పక్షం కూడా వకీలును నిలబెట్టి వాయిదాల మీద వాయిదాలు అడగలేదు. ముందుగా బీమా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. కంపెనీ దానిని తోసిపుచ్చినా, ఇచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, నెల రోజులు గడిచినా జవాబు రాకపోయినా, ఆ తర్వాత ఏడాదిలోపు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 2023 నవంబరులో చేసిన సవరణతో పరిహార పరిమితి 30 లక్షల నుంచి 50 లక్షలకు పెరిగింది. కావలసిన కాగితాలన్నీ అందిన మూడు నెలల్లో తీర్పు ఇవ్వాలన్నది నియమం. విచారణ వీడియో ద్వారా కూడా జరగవచ్చు కనుక ఇచ్ఛాపురం వాసి ప్రతిసారీ హైదరాబాదు వెళ్లవలసిన పని ఉండదు.

ఈ దారిలోని అసలు బలం వేరే ఉంది. అంబుడ్స్‌మన్ తీర్పుకు కంపెనీ కట్టుబడి తీరాలి, పాలసీదారు కట్టుబడనవసరం లేదు. తీర్పు నచ్చకపోతే తర్వాత వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ముందే కమిషన్‌లోనో, కోర్టులోనో కేసు వేసి ఉంటే మాత్రం అంబుడ్స్‌మన్ ఆ ఫిర్యాదును తీసుకోరు. అంటే ఈ రెండింటినీ ఒకే వరుసలో మాత్రమే వాడుకోగలం. ఇక బలహీనత విషయానికి వస్తే, విచారణ సంక్షిప్తంగా సాగుతుంది. సర్వేయరును నిలదీసి ప్రశ్నలు అడిగే అవకాశం దాదాపు ఉండదు. గోడ గాలికి కూలిందా, ముందే ఒరిగి ఉందా అన్న చిక్కు ముడిని విప్పడానికి ఇది తగిన చోటు కాదు. పైగా వ్యక్తులు, సొంత యాజమాన్య వ్యాపారాలు, సూక్ష్మ సంస్థలకే ఇక్కడ చోటు. కాస్త పెద్ద రొయ్యల ప్రాసెసింగు ప్లాంటు నడిపే ప్రైవేటు కంపెనీకి ఈ దారి లేదు.

రెండవది జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమలులోకి వచ్చాక బీమా పాలసీదారులకు ఎంతో మేలు జరిగింది, కానీ అది చాలామందికి తెలియదు. ఏ కమిషన్‌కు వెళ్లాలన్నది ఇప్పుడు అడిగే పరిహారాన్ని బట్టి కాక, చెల్లించిన సొమ్మును బట్టి, అంటే ప్రీమియాన్ని బట్టి నిర్ణయమవుతుంది. ప్రీమియం 50 లక్షలు దాటనంత వరకు జిల్లా కమిషన్ చాలు కనుక, కోటి రూపాయల నష్టం జరిగిన గోదాము యజమాని కూడా తన జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీ ప్రధాన కార్యాలయం ముంబయిలో ఉన్నా, చెన్నైలో ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు నడుస్తుంది. చెల్లించిన ప్రీమియం 5 లక్షల లోపు ఉంటే రుసుము కూడా లేదు. వకీలు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. బీమా సొమ్ముకు తోడు వడ్డీ, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు కోరే వీలుంది. వ్యాపార సంస్థ తీసుకున్న బీమా వినియోగదారు సేవ కిందకు రాదన్న అభ్యంతరానికి, హర్సోలియా మోటర్స్ కేసులో 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సమాధానం చెప్పింది: బీమా తీసుకునేది నష్టాన్ని పూడ్చుకోవడానికే తప్ప లాభం కోసం కాదు.

కారణానికి సంబంధించిన తగాదాకు ఇదే తగిన చోటని నా నిశ్చితాభిప్రాయం. ఇక్కడ ప్రమాణ పత్రాలు దాఖలు చేయవచ్చు, సర్వేయరుకు లిఖితపూర్వక ప్రశ్నలు పంపవచ్చు, సొంతంగా నియమించుకున్న సివిల్ ఇంజనీరు అంచనాను, ఆ రోజు గాలి వేగంపై వాతావరణ శాఖ ఇచ్చే వివరాలను, గ్రామ రెవెన్యూ అధికారి నమోదు చేసిన నష్ట వివరాలను సాక్ష్యంగా పెట్టవచ్చు. సర్వేయరు నివేదిక ముఖ్యమైనదే అయినా అదే తుది మాట కాదని ప్రదీప్ కుమార్ కేసులో 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. తిరస్కరణ లేఖలో రాయని కొత్త కారణాన్ని కంపెనీ కేసు నడిచేటప్పుడు ముందుకు తేలేదని సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో 2019లో తేల్చింది. ఇటువంటి తీర్పులను సరైన చోట వాడుకోవడానికే వకీలు అవసరమవుతాడు. వకీలు ఫీజుకు న్యాయం జరిగేది ఇక్కడే. లోపం కాలయాపన. చట్టం మూడు నెలల్లో ముగించమంటున్నా, ఆచరణలో కేసులు ఏళ్లు పడుతున్నాయి, ఆపైన కంపెనీ రాష్ట్ర కమిషన్‌కు అప్పీలుకు వెళ్లవచ్చు. అప్పీలు చేయాలంటే తీర్పు మొత్తంలో సగం ముందుగా జమ చేయాలన్న నిబంధన కొంత ఊరట.

మూడవ దారి గురించి తీర ప్రాంతాలలో ఎవరూ పెద్దగా చెప్పరు. అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ రాయాలనిపిస్తోంది. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 కింద ఏర్పడిన శాశ్వత లోక్ అదాలత్, అప్పుడప్పుడు జరిగే మామూలు లోక్ అదాలత్ వంటిది కాదు. బీమాను ఆ చట్టం ప్రజోపయోగ సేవల జాబితాలో చేర్చింది. కోటి రూపాయల వరకు తగాదాలను, కోర్టుకు వెళ్లక ముందే, ఎలాంటి కోర్టు రుసుమూ లేకుండా ఇక్కడ పెట్టవచ్చు. మొదట రాజీకి ప్రయత్నిస్తారు. మామూలు లోక్ అదాలత్‌లో రాజీ కుదరకపోతే వ్యవహారం అక్కడితో ఆగుతుంది, ఇక్కడ మాత్రం గుణదోషాలను పరిశీలించి తీర్పు ఇచ్చే అధికారం ఉంది. తిరస్కరణ ఉండకుండా లెక్క దగ్గర మాత్రమే తేడా ఉన్నప్పుడు, రెండు పక్షాలూ ఎంతో కొంత సర్దుకోగలిగినప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. అయితే తీర్పుపై అప్పీలు లేదు. హైకోర్టులో రిట్ వేయడం ఒక్కటే మార్గం. అంబుడ్స్‌మన్ తీర్పు నచ్చకపోతే మరో చోటికి వెళ్లగలిగిన స్వేచ్ఛ ఇక్కడ లేనందున, మొత్తం క్లెయిమునే తోసిపుచ్చిన కేసును ఇక్కడికి తేవడానికి నేను సలహా ఇవ్వను.

అదే చట్టంలోని 12వ సెక్షను మరొక ముఖ్యమైన హక్కును ఇస్తోంది. మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి ఉచితంగా న్యాయవాదిని ఇచ్చినట్లే, సామూహిక విపత్తుకు, వరదకు గురైన బాధితులకు కూడా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని ఆ సెక్షను చెబుతోంది. తుఫానులో ఇల్లు కోల్పోయిన మత్స్యకార కుటుంబం డబ్బు లేదని వెనకడుగు వేయకుండా, జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవాలి; 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

సివిల్ కోర్టు నాలుగో దారి. దావా మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, కాలం మరింత పడుతుంది. భారీ పారిశ్రామిక నష్టాలు, మోసం ఆరోపణలు ఉన్న కేసులు తప్ప ఇంటి యజమానికి దీనితో పని లేదు.

ఫీజు విషయంలో ఒక హెచ్చరిక అవసరం. టెక్సాస్‌లో స్థిరపడిన మనవాళ్లు, అక్కడ గాలివాన నష్టాలకు సొమ్ము వస్తేనే వాటా తీసుకునే వకీళ్లు ఉంటారని, క్లెయిముదారు తరఫున పనిచేసే లైసెన్సు పొందిన అడ్జస్టర్లు పది శాతం వరకు తీసుకుంటారని చెబుతారు. అది అక్కడి చట్టానికి సరిపోయే మాట. మన దేశంలో కేసు ఫలితాన్ని బట్టి ఫీజును గానీ, వచ్చిన సొమ్ములో వాటాను గానీ న్యాయవాది మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. వాటాకు క్లెయిము ఇప్పిస్తామంటూ తుఫాను తర్వాత ఊళ్లలో తిరిగే మధ్యవర్తులను నమ్మి అసలు పాలసీని, సంతకం చేసిన ఖాళీ కాగితాలను చేతిలో పెట్టడం ప్రమాదకరం.

అందుచేత నా సలహా ఇది. 50 లక్షల లోపు ఇంటి నష్టంలో తగాదా లెక్క గురించో, పాలసీ షరతు గురించో అయితే మొదట అంబుడ్స్‌మన్ దగ్గరకు, వకీలు లేకుండానే వెళ్లడం మేలు. సర్వేయరు నష్టానికి కారణాన్నే కాదన్నప్పుడు, పెద్ద సంస్థ అయినప్పుడు, నేరుగా వకీలుతో వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం మేలు. ఏ దారిలోనైనా వకీలుకు ఒక్కసారే డబ్బు పెట్టగలిగితే, డిశ్చార్జి వోచరు (ఇచ్చిన సొమ్ముతో క్లెయిము తీరిపోయిందని కంపెనీ రాయించుకునే కాగితం) మీద సంతకం చేయడానికి ముందు రోజున పెట్టాలి. ఒత్తిడితోనో, తప్పుదారి పట్టించో సంతకం చేయించుకుంటే మిగతా సొమ్ము కోరే హక్కు పోదని అజ్మేర్ సింగ్ కాటన్ మిల్స్ కేసులో 1999లో సుప్రీంకోర్టు చెప్పింది కానీ, ఆ ఒత్తిడిని రుజువు చేయవలసిన భారం మనదే. ఇచ్చిన మొత్తాన్ని అభ్యంతరంతో, మిగతా హక్కులు వదులుకోకుండా తీసుకుంటున్నానని వోచరు మీదనే రాసి, అదే మాటను కంపెనీకి ఈమెయిలులోనూ, రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపితే ఆ భారం తేలికవుతుంది.

గడువుల విషయంలో ఏమరుపాటు పనికిరాదు. వినియోగదారుల కమిషన్‌కు వ్యాజ్య కారణం, అంటే ఫిర్యాదుకు దారితీసిన సంఘటన, పుట్టిన నాటి నుంచి రెండేళ్లు గడువు. అంబుడ్స్‌మన్ దగ్గర గడిచిన కాలం ఆ రెండేళ్లలోంచి దానంతట అది మినహాయింపు పొందుతుందని అనుకోకూడదు. పాత అగ్నిప్రమాద పాలసీల షరతుల్లో, తిరస్కరించిన 12 నెలల్లోగా దావా వేయకపోతే క్లెయిమును వదులుకున్నట్లేనన్న వాక్యం కూడా ఉంటుంది. కాబట్టి తిరస్కరణ లేఖ అందిన వారంలోనే కంపెనీకి రాతపూర్వక ఫిర్యాదు పంపి, నెల పూర్తికాగానే అంబుడ్స్‌మన్‌కు దరఖాస్తు చేస్తే, అక్కడ తీర్పు అనుకూలంగా రాకపోయినా కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి తగిన వ్యవధి చేతిలో ఉంటుంది.