బ్రిటన్ నుంచి ఐరోపాకు కారు యాత్ర: ఓడ మేలా, సొరంగం మేలా, అద్దె కారు మేలా?

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేసవి సెలవుల్లో ఫ్రాన్స్‌కో స్పెయిన్‌కో సొంత కారులో వెళ్లాలని అనుకున్నప్పుడు, చర్చ చాలావరకు సముద్రం దాటే టికెట్ ధర దగ్గరే ఆగిపోతుంది. ఆ ధరకు ప్రాముఖ్యం లేదని అనలేము గాని, అవతలి ఒడ్డున దిగాక ఎన్ని కిలోమీటర్లు నడపాలి, కారులో ఎంతమంది ఉంటారు, అక్కడ ఎన్నాళ్లు ఉంటారు అన్న మూడు విషయాలు తేలితే తప్ప ఏ దారి చవకో, ఏది సుఖమో చెప్పడం సాధ్యం కాదు.

ముందుగా దగ్గరి దారులు. ఇంగ్లండు రేవు డోవర్ నుంచి ఫ్రాన్స్ రేవు కలేకు ఓడలో సుమారు గంటన్నర పడుతుంది; డోవర్ నుంచి ఫ్రాన్స్‌లోనే ఉన్న డంకర్క్‌కు దాదాపు రెండు గంటలు. డోవర్ పక్కనున్న ఫోక్‌స్టన్ దగ్గర కారును రైలులోకి ఎక్కించి సముద్రగర్భ సొరంగం గుండా వెళితే 35 నిమిషాల్లో కలే పక్కన తేలవచ్చు. 1994లో ప్రారంభమైన ఈ సొరంగం పొడవు 50 కిలోమీటర్లు కాగా, అందులో సుమారు 38 కిలోమీటర్లు సముద్రం అడుగునే ఉంది. కాలాన్ని మాత్రమే లెక్కిస్తే సొరంగానిదే పైచేయి. ఈదురుగాలులు వీచినప్పుడు డోవర్ ఓడలు ఆలస్యమవుతాయి, ఒక్కోసారి ఆగిపోతాయి కూడా. సొరంగానికి ఆ బెడద లేదు. ఓడ ఎక్కితే కడుపులో తిప్పేవారికి, నిద్రపోతున్న పసిబిడ్డను లేపడం ఇష్టం లేని తల్లిదండ్రులకు, కారులోనే కూర్చుని దాటగల ఈ మార్గం ఎక్కువ డబ్బు పెట్టినా తగినదే. ఎల్‌పీజీతో నడిచే కార్లను మాత్రం సొరంగంలోకి అనుమతించరు.

అయినా పిల్లలు, పెద్దలు కలిసి వెళ్లే కుటుంబానికి నేను డోవర్ ఓడనే సూచిస్తాను. ఓడ కదిలాక కార్లు నిలిపిన అంతస్తులో ఎవరినీ ఉండనివ్వరు కాబట్టి అందరూ పైకి వెళ్లవలసిందే. అదే మేలు కూడా. బర్మింగ్‌హామ్ నుంచో మాంచెస్టర్ నుంచో తెల్లవారుజామున బయలుదేరి నాలుగైదు గంటలు నడిపిన మనిషికి, ఎదురుగా మరో 300 కిలోమీటర్ల పారిస్ రోడ్డు ఉన్నప్పుడు, ఆ గంటన్నర భోజనానికీ నడుము వాల్చడానికీ అక్కరకు వస్తుంది. సొరంగంలో మిగిలిన గంటను ఫ్రాన్స్‌లో ఏదో ఒక పెట్రోలు బంకు దగ్గర విశ్రాంతికి ఖర్చు చేయక తప్పదు. రెండింటిలోనూ టికెట్ ప్రధానంగా కారుకే కనుక, ఐదుగురు కూర్చుంటే తలసరి ఖర్చు బాగా తగ్గుతుంది.

వసంతంలో కోకెన్‌హాఫ్ తులిప్ తోటలు చూడాలనుకునేవారు కలే దారి పట్టడం కంటే ఇంగ్లండు తూర్పు తీరంలోని హారిచ్ నుంచి హుక్ ఆఫ్ హాలండ్‌కు వెళ్లే రాత్రి ఓడలో నిద్రపోయి, ఉదయాన్నే నెదర్లాండ్స్‌లో దిగడం మంచిది.

స్పెయిన్ విషయం వేరు. పోర్ట్స్‌మత్ నుంచి సాంటాండర్‌కో బిల్బావుకో వెళ్లే ఓడ ఒక రోజుకు పైగా ప్రయాణిస్తుంది. ప్లిమత్ నుంచి సాంటాండర్‌కు 20 గంటలు పడుతుంది. గది అద్దె కూడా కలిపితే టికెట్ చూసి గుండె గుభేలుమంటుంది. కానీ కలేలో దిగి అదే చోటికి రోడ్డు మీద వెళితే వెయ్యి కిలోమీటర్లకు పైగా నడపాలి. పెట్రోలు, ఫ్రాన్స్ రహదారుల టోల్, మధ్యలో ఒక రాత్రి హోటల్ ఖర్చు వేసుకుంటే తేడా చాలావరకు కరిగిపోతుంది. ఈ ఓడలు దాటే బిస్కే అఖాతంలో అలలు ఎక్కువన్న మాట నిజమే కనుక, వేసవిలో తప్ప ఈ దారిని పెద్దవారికి సూచించలేను. రెండు వారాలకు తక్కువ సెలవుకు కూడా ఇది తగదు.

నీస్, రోమ్, బార్సిలోనా వంటి చోట్ల వారం రోజులు గడపాలంటే సొంత కారు ఆలోచన మానుకుని, విమానంలో వెళ్లి అక్కడే కారు అద్దెకు తీసుకోవడం ఉత్తమం. కలే నుంచి నీస్‌కు 1,200 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. రానుపోను నాలుగు రోజులు రోడ్డుకే పోతాయి. అద్దె కారులో స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి కుడివైపున నడిచే అక్కడి రోడ్లపై ముందు వాహనాన్ని దాటడం సులువు. మన కారులోనైతే స్టీరింగ్ కుడివైపు ఉంటుంది, టోల్ టికెట్ యంత్రమేమో ఎడమవైపు వస్తుంది. పక్క సీటులో ఎవరూ లేకపోతే ముందే టోల్ ట్యాగ్ తెప్పించుకోవాలి. అయితే పిల్లల సీట్ల అద్దె, క్రెడిట్ కార్డుపై నిలిపివేసే పూచీ సొమ్ము, ప్రమాదం జరిగితే మనం భరించవలసిన మొత్తం ఇవన్నీ కలిపాకే అద్దె కారు ధరను ఓడ టికెట్‌తో పోల్చాలి.

సొంత కారుతో వెళ్లేవారు వీ5సీ రిజిస్ట్రేషన్ పత్రం అసలు ప్రతిని వెంట ఉంచుకోవాలి. 2021 సెప్టెంబరు 28 నుంచి కారు ఏ దేశానిదో తెలిపే పాత జీబీ స్టిక్కర్ చెల్లదు. యూకే అని ఉండాలి. విదేశంలోనూ బీమా ఉందని చూపే గ్రీన్ కార్డు అవసరం లేకపోయినా, బ్రిటన్ పాలసీ ఐరోపాలో కేవలం ఎదుటివారి నష్టానికే పరిమితం కావచ్చు కనుక, పూర్తి రక్షణ ఉందో లేదో కంపెనీని అడిగి తెలుసుకోవాలి. ఫ్రాన్స్‌లో హెచ్చరిక త్రికోణం, మెరిసే జాకెట్ తప్పనిసరి.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి ఏ దారిలో వెళ్లినా షెంగెన్ వీసా (ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) కావాలి. డోవర్‌లోనూ ఫోక్‌స్టన్‌లోనూ ఫ్రెంచి అధికారులు ఇంగ్లండు గడ్డ మీదే తనిఖీ చేస్తారు గనుక, వీసా లేనివారు ఓడ ఎక్కకముందే వెనుదిరగవలసి వస్తుంది. బ్రిటన్‌కు చూడడానికి వచ్చే అమ్మానాన్నలను కూడా తీసుకువెళ్లే ఉద్దేశం ఉంటే, ఆ వీసాకు సాధారణంగా తాము నివసించే దేశంలోనే దరఖాస్తు చేయాలి కాబట్టి, హైదరాబాద్‌లో ఉండగానే ఆ పని ముగించాలి.

సొంత కారు ఉంటే వంటింటిని సగం వెంట తీసుకుపోవచ్చని మనవాళ్లు సంబరపడతారు. ఆవకాయకు అభ్యంతరం లేదు. నెయ్యి, పెరుగు, కోడిమాంసం పచ్చడి మాత్రం బ్రిటన్ నుంచి ఐరోపా సమాఖ్యలోకి తీసుకుపోకూడదు.