మెస్యే పరిశీలన ధ్రువపత్రం: కష్టానికి తగిన గుర్తింపే

ఔత్సాహిక ఖగోళ సంఘాల సభ్యుల కోసం అమెరికాలోని ఆస్ట్రనామికల్ లీగ్ నిర్వహించే మెస్యే పరిశీలన కార్యక్రమంలో, ఫ్రెంచి ఖగోళ పరిశీలకుడు షార్ల్ మెస్యే పేరిట ఎం1 నుంచి ఎం110 వరకు సంఖ్యలతో పిలిచే 110 ఖగోళ వస్తువుల జాబితా నుంచి 70 చూసి నమోదు చేసినవారికి ధ్రువపత్రం, మొత్తం పూర్తిచేసినవారికి గౌరవ ధ్రువపత్రంతో పాటు పిన్ను లభిస్తాయి. తనంతట తానే గురిపెట్టుకునే టెలిస్కోపు సాయాన్ని అంగీకరించకపోవడమే ఈ గుర్తింపు విలువను నిలబెట్టిందని నా అభిప్రాయం. కన్యారాశి గెలాక్సీల గుంపులో ఎం84, ఎం86ల మీదుగా వెతుక్కుంటూ ఎం87ను పట్టుకున్నవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. తేదీ, సమయం, ఆకాశ స్థితి, టెలిస్కోపు వ్యాసం రాసుకున్న నోటుపుస్తకమే ఇక్కడ సాక్ష్యం. అయితే, నగర కాంతిలో మసకబారే ఎం74 గెలాక్సీ కోసం తంటాలు పడినవారికీ, చిక్కటి చీకటిలో చూసినవారికీ ఒకే పత్రం ఇవ్వడం మాత్రం కొంత వెలితిగా తోచింది.