పాత ట్రాక్టర్‌లో ఏడాది పాటు బయోడీజిల్ కలిపి వాడాను

ముందు ఫిల్టర్ సంగతి చెప్తాను, ఎందుకంటే మీ బండి కూడా మొదట అక్కడే ఆగుతుంది. పోయిన జూన్‌లో సోయా విత్తే టైమ్‌కి మొదలుపెట్టాను. ఎనిమిది పాళ్లు మామూలు డీజిల్, రెండు పాళ్లు బయోడీజిల్ (నూనెల నుంచి చేసే ఇంధనం), ఈ కలిపినదాన్నే బీ20 అంటారు. సరిగ్గా పదో రోజు ట్రాక్టర్ చేను మధ్యలో దగ్గి దగ్గి ఆగిపోయింది. మెకానిక్ ఫిల్టర్ విప్పి చూస్తే నల్లటి బురద. "ఆయిల్ కల్తీదన్నా, పారబోయి" అన్నాడు, నేనూ అదే అనుకున్నాను. తప్పు ఆయిల్‌ది కాదు. బయోడీజిల్ మురికిని బాగా కరిగిస్తుంది, పదిహేనేళ్లుగా ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డినంతా లేపి ఫిల్టర్‌కి తెచ్చింది. రెండో ఫిల్టర్ మార్చాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. కాబట్టి పాత బండి అయితే ముందే ట్యాంకు కడిగించండి, రెండు ఫిల్టర్లు ఇంట్లో పెట్టుకోండి. రబ్బరు పైపులు కూడా చూసుకోవాలి. మిగిలిన ఆయిల్‌ని ట్యాంకుకి తిరిగి తెచ్చే నా రిటర్న్ పైపు ఆరు నెలలకే మెత్తబడి జిగురు పట్టింది, వైటాన్ అనే గట్టి రకం రబ్బరు పైపు వేయించాక బాగుంది.

ఇంజిన్ మాత్రం హాయిగా నడిచింది. ఇప్పటి కాలుష్య ప్రమాణం బీఎస్-6 ప్రకారం డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకి (పది లక్షల పాళ్లలో పది పాళ్లకి) దించేటప్పుడు దాని సహజమైన జిడ్డుదనం కూడా తగ్గిపోతుంది, అందుకే రిఫైనరీలో మళ్లీ మందు కలుపుతారు. బయోడీజిల్‌కి ఆ జిడ్డు పుట్టుకతోనే ఉంది, పంపుకి మంచిది. బరువులో పదో వంతుకి పైగా ఆక్సిజన్ ఉండటంతో మండటం కూడా బాగా మండుతుంది, నల్ల పొగ కంటికి తెలిసేంత తగ్గింది, వాసన మిర్చి బజ్జీల మూకుడు దగ్గర నిలబడ్డట్టు ఉంటుంది. అయితే నైట్రోజన్ ఆక్సైడ్లు కొంచెం పెరుగుతాయి, ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ తగ్గినా పోదు, వాసన బాగుంది కదా అని మూసిన గదిలో జనరేటర్ నడపకండి. శక్తి లీటరుకు డీజిల్ కంటే 7, 8 శాతం తక్కువ. ఇరవై శాతమే కలిపితే ఆ తేడా రోటవేటర్ తోలేటప్పుడు నాకు తెలియలేదు.

నేను అసలు దీనివైపు చూసింది నిప్పు భయంతో. మా డ్రమ్ము ఉండేది రేకుల షెడ్డులో, గోడ అవతలే ఎడ్ల కొట్టం. మే నెలలో మా ఆదిలాబాద్ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. పెట్రోల్ ఆవిరి సున్నాకి 40 డిగ్రీల కింద కూడా నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది, దాన్ని ఇంట్లో నిల్వ చేయనే కూడదు. ఇలా ఆవిరి అంటుకునే వేడిని ఫ్లాష్ పాయింట్ అంటారు, డీజిల్‌కి మన ప్రమాణం అడిగేది కనీసం 35 డిగ్రీలు. డీజిల్ కలపని బయోడీజిల్‌కైతే 100 డిగ్రీలు దాటాలి. ఎండకి కాగిన షెడ్డులో ఈ తేడా మాటల్లో చెప్పలేనంత ధైర్యం. కానీ ఒకసారి అంటుకుంటే ఇదీ నూనె మంటే, నీళ్లు పోయకూడదు, ఇసుక గానీ మంటలార్పే పొడి సిలిండర్ గానీ వాడాలి.

ఇక్కడే నన్ను భయపెట్టిన విషయం ఒకటుంది. ఏప్రిల్‌లో డ్రమ్ము కారితే పాత లుంగీ గుడ్డలతో తుడిచి మూలకి కుప్పగా పడేశాను. మధ్యాహ్నం ఆ పక్కకి వెళ్తే మాడిన నూనె వాసన, చెయ్యి పెడితే లోపల కాలుతోంది! నూనెల నుంచి వచ్చింది కదా, గాలి తగిలి ఆక్సిజన్ పట్టుకుంటూ వేడెక్కుతుంది, కుప్పలో ఆ వేడి బయటికి పోదు, అగ్గిపుల్ల అవసరం లేకుండానే అంటుకోగలదు. మామూలు డీజిల్ గుడ్డలు ఇలా వేడెక్కవు, అందుకే మనకి ఆ అలవాటు లేదు. దయచేసి ఆ గుడ్డలు విడివిడిగా బయట ఆరేయండి, లేదంటే నీళ్లు పోసిన మూత డబ్బాలో వేయండి. పిల్లలు ఆడుకునే చోట అయితే ఇంకా జాగ్రత్త.

రెండో ప్రమాదం తయారీలో ఉంది. నూనెలో మిథనాల్, కాస్త కాస్టిక్ సోడా కలిపి దీన్ని చేస్తారు, గ్లిజరిన్ విడిపోతుంది. మిగిలిపోయిన మిథనాల్ సరిగ్గా తీయకపోతే ఇందాక చెప్పిన ఆ 100 డిగ్రీలు అమాంతం పడిపోతాయి. మిథనాల్ మంట పట్టపగలు కంటికి కనబడదు, కడుపులోకి పోతే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. వీడియోలు చూసి ఇంట్లో వండుకునే పని అస్సలు వద్దు.

కొనేటప్పుడు రిపోర్టు అడగండి: ఫ్లాష్ పాయింట్, నీటి శాతం, ఆసిడ్ వాల్యూ (ఆమ్లం ఎంత ఉందో చెప్పే అంకె). హైవే పక్కన ఒక చోట నాకు బయోడీజిల్ పేరుతో చూపించింది కిరోసిన్, థిన్నర్ వాసన కొట్టింది, వదిలేసి వచ్చాను. ఇంట్లో నేను చేసే పరీక్ష: సీసాలో సగం ఆయిల్, సగం నీళ్లు పోసి ఊపి ఉంచుతాను. కాసేపటికి రెండూ తేటగా విడిపోవాలి, పాలలా ఉండిపోతే తయారీలో కాస్టిక్ సోడాతో పుట్టిన సబ్బు మిగిలినట్టే. సాల్వెంట్ కల్తీ మాత్రం దీనితో దొరకదు, దానికి ముక్కే దిక్కు.

డిసెంబర్‌లో ఒక ఉదయం డ్రమ్ము నెయ్యిలా మసకబారింది. పామాయిల్‌తో చేసిన సరుకు 15 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది, మా దగ్గర చలి అంతకంటే చాలా కిందికి పోతుంది. చలికాలం రెండు నెలలు మానేశాను. నిల్వ కూడా డీజిల్‌లా కాదు, తేమ పీలుస్తుంది, పాచి పడుతుంది, పులిసి జిగురవుతుంది. మూడు నెలలకి మించి ఉంచను.

కొత్త బీఎస్-6 బండికి ఎక్కువ పాళ్లు కలపొద్దు, పొగ ఫిల్టర్ శుభ్రమయ్యే టైమ్‌లో ఇది ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది, ముందు కంపెనీ మాన్యువల్ చదవండి. పాత ట్రాక్టర్‌కి మాత్రం నేను కొంటూనే ఉంటాను. నా సరుకు వాడేసిన వంటనూనెతో చేసింది, హోటల్లో మాడి నల్లబడ్డ నూనె మళ్లీ ఎవరి బజ్జీల్లోకో పోకుండా ఇంజిన్‌లోకి రావడం నాకు నిజంగా సంతోషం. సోయా చేను దున్నడానికి ఇప్పుడే ఇంకో డ్రమ్ము చెప్పాను, ఈసారి షెడ్డులో ఇసుక బకెట్లు కూడా పెట్టాను.