క్లాట్ ఇంగ్లిష్‌కి ఏది మేలు: వర్డ్ లిస్టా, ఎడిటోరియలా, పాత పేపర్లా?

ఇంటర్ సెకండియర్ మొదలవగానే క్లాట్ (నేషనల్ లా యూనివర్సిటీల్లో సీటుకి రాసే ఎంట్రన్స్) రాసే పిల్లలు, వాళ్లకంటే ఎక్కువగా వాళ్ల అమ్మానాన్నలు నన్ను అడిగేది ఒకటే: ఇంగ్లిష్‌కి ఏం చదవాలి? మనవాళ్ల టెన్షన్‌లో అర్థముంది. ఎప్‌సెట్‌లో ఇంగ్లిషే ఉండదు. ఇంటర్ ఇంగ్లిష్ గైడు తిరగేస్తే గడిచిపోతుంది. హైదరాబాద్‌లోని లా యూనివర్సిటీ నల్సార్ మీద ఆశ పెట్టుకున్నాకే చాలామందికి ఇంగ్లిష్ కూడా సీటు తేల్చే సబ్జెక్టని తెలిసొస్తుంది.

వర్డ్ లిస్టుల సంగతి ముందు తేల్చేద్దాం. 2019 దాకా క్లాట్‌లో 200 ప్రశ్నలు, అందులో 40 ఇంగ్లిష్. పదాల అర్థాలు, ఇడియమ్స్, తప్పొప్పులు నేరుగా అడిగేవారు. అప్పట్లో రాసిన సీనియర్లు 'వొకాబులరీ చూసుకో' అంటే, అది వాళ్ల పరీక్షకి సరిపోయిన సలహా. 2020 నుంచి ప్రశ్నలన్నీ ప్యాసేజ్ మీదే. పదానికి అర్థం అడిగినా, ఆ వాక్యంలో అది ఏ అర్థంలో వచ్చిందన్నదే చూస్తారు. వెయ్యి పదాలు బట్టీ పట్టే సమయం ఇంకెక్కడైనా పెట్టండి. గ్రామర్ పుస్తకానికీ ఇదే మాట.

అసలు పోటీ న్యూస్‌పేపర్ ఎడిటోరియల్‌కీ పాత పేపర్లకీ, అంటే గత ఏళ్ల క్లాట్ ప్రశ్నపత్రాలకీ మధ్య.

ఎడిటోరియల్ రోజూ చదివితే లాభం ఇంగ్లిష్‌తో ఆగదు. ఇప్పటి పేపర్లో 2 గంటల్లో 120 ప్రశ్నలు. ఇంగ్లిష్‌వి 22 నుంచి 26 మాత్రమే, కానీ లీగల్, లాజికల్, కరెంట్ అఫైర్స్ కూడా ప్యాసేజ్‌లే. మ్యాథ్స్ భాగంలోనూ ముందు ఏదో ఒకటి చదవాల్సిందే. ఒక్కో ఇంగ్లిష్ ప్యాసేజ్ దాదాపు 450 పదాలుంటుంది. అలవాటు లేనివాళ్లకి మూడోది మొదలెట్టేసరికే కళ్లు లైన్ల మీద జారిపోతుంటాయి. ఆ ఓపిక న్యూస్‌పేపర్ చదివితేనే వస్తుంది.

అయితే ఎడిటోరియల్‌తో నాకో పేచీ ఉంది. చదవడం అయ్యాక మనల్ని ఎవరూ ప్రశ్న అడగరు. బాగానే అర్థమైందనుకుని పేజీ తిప్పేస్తాం. క్లాట్‌లో మార్కులు పోయేది సరిగ్గా అక్కడే. ప్యాసేజ్‌లో 'చెరువులు పూడ్చిన కాలనీల్లో వాన నీళ్లు ఎక్కువ రోజులు నిలుస్తున్నాయి' అని ఉందనుకోండి. 'నగరంలో వరదలకు చెరువుల ఆక్రమణే కారణం' అని ఒక ఆప్షన్ ఇస్తారు. మనకి అది నిజమేననిపిస్తుంది, హైదరాబాద్‌లో ఉండేవాళ్లకైతే మరీను. కానీ రచయిత కొన్ని కాలనీల గురించే చెప్పాడు, 'అదే కారణం' అనలేదు. ఇలాంటి ఆప్షన్‌ని ఎంచుకుంటే వచ్చే మార్కు రాకపోగా ఇంకో పావు మార్కు పోతుంది. మనకి తెలిసిన విషయాన్ని పక్కన పెట్టి, రచయిత ఎంతవరకు అన్నాడో అక్కడే ఆగడం చాలా ఎడిటోరియల్స్ చదివినా దానంతటదే రాదు. ఎవరో ఒకరు ప్రశ్న వేసి మన తప్పు పట్టుకోవాలి. ఆ పని పాత పేపర్లు చేస్తాయి. అందుకే నా ఓటు వాటికే.

ఇంకోటి, ఇంగ్లిష్ భాగంలో కథలు, నవలల్లోంచి తీసిన ముక్కలు కూడా రావచ్చు. పాత్ర మనసులో ఏముందని అడిగితే, ఎడిటోరియల్స్ మాత్రమే చదివినవాళ్లు తడబడతారు.

చిక్కల్లా పాత పేపర్లు తక్కువ కావడమే. కొత్త పద్ధతి 2020లోనే మొదలైంది కాబట్టి పనికొచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. క్లాట్ నడిపే లా యూనివర్సిటీల కన్సార్షియం వెబ్‌సైట్‌లో కీతో సహా ఉచితంగా దొరుకుతాయని మొదటి నెలలోనే అన్నీ ఊదేసేవాళ్లున్నారు. మా అక్క కూతురికి ఈసారి చెప్పింది ఇదీ: రోజుకి ఒక్క ప్యాసేజ్ చాలు, టైమర్ వద్దు. తప్పనుకున్న మూడు ఆప్షన్లూ ఎందుకు తప్పో పక్కన రాయి, ఏ లైను చూసి అన్నావో గీత గియ్యి. కీలో జవాబు అక్షరం మాత్రమే ఉంటుంది. అది కూడా మంచిదే, కారణం మనమే వెతుక్కోవాలి. మొదట్లో విసుక్కుంది. ఒక్క ప్యాసేజ్‌కి అరగంట పైనే పట్టేది మరి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి నా సలహా కొంచెం వేరు. 450 పదాలు చదవడానికే ఐదారు నిమిషాలు పడుతుంటే, ముందు కొన్ని నెలలు ఎడిటోరియలే మేలు. చదివాక రచయిత ఏమంటున్నాడో ఒక్క వాక్యంలో రాయాలి, తెలుగులోనే రాయొచ్చు. రాయలేకపోతే అర్థం కానట్టే. వేగం వచ్చాక పాత పేపర్లలోకి దిగితే వాటిని వృథా చేసుకోరు.

మాక్ టెస్టులు టైమ్ సర్దుకోవడానికి పనికొస్తాయి, అంతే. కొన్నిటిలో ఇంగ్లిష్ ఆప్షన్లు ఎంత నాసిగా ఉంటాయంటే, సరైన జవాబు మీద మాస్టార్లే కొట్టుకుంటారు. ఫోన్లో రోజుకో పదం నేర్పే యాప్‌లు బస్సులో కాలక్షేపానికి బాగుంటాయి.

పరీక్ష డిసెంబర్లో ఉంటోంది కాబట్టి, చివరి రెండేళ్ల పేపర్లు నవంబర్ దాకా తెరవకండి. అప్పుడు ప్రింట్ తీసి, ఓఎంఆర్ షీటు పక్కన పెట్టుకుని, మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా లేవకుండా రాయండి.