ఆకాశంలో మచ్చలు: లైట్‌రూమా, ఫోటోషాపా?

ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రపు ఆకాశాన్ని ఎఫ్/16లో (లెన్స్ రంధ్రం, అంటే అపర్చర్, బాగా చిన్నగా పెట్టి) తీసి చూడండి. రంధ్రం పెద్దగా ఉండే ఎఫ్/2.8లో కనపడని సెన్సార్ (కెమెరాలో బొమ్మను పట్టే పలక) దుమ్ము బూడిదరంగు చుక్కలుగా బయటపడుతుంది. అపర్చర్ చిన్నదయ్యేకొద్దీ దుమ్ము నీడ పదునెక్కుతుంది మరి.

ఇలాంటి ఫోటోలు వందల్లో ఉంటే, మచ్చలు తుడవడానికి ఫోటోలు దిద్దే ఈ రెండు సాఫ్ట్‌వేర్లలో నా ఓటు లైట్‌రూమ్ క్లాసిక్‌కే. దుమ్ము సెన్సార్‌కు అతుక్కుని ఉంటుంది కాబట్టి ప్రతి ఫ్రేములోనూ మచ్చ అదే చోట పడుతుంది. ఒక ఫోటోలో హీల్‌తో (మచ్చను చుట్టుపక్కల రంగుల్లో కలిపేసే పనిముట్టు) తుడిచి, ఆ దిద్దుబాటునే మిగతా వాటికి సింక్ చేస్తే సరి. 'విజువలైజ్ స్పాట్స్' పెడితే ఫోటో నలుపు తెలుపుల్లోకి మారి, కంటికి ఆనని చుక్కలు కూడా దొరికిపోతాయి. అసలు ఫైలు చెక్కుచెదరదు. కాకపోతే సింక్ చేశాక ఒక్కో ఫోటో చూసుకోవాలి. ఒకదాంట్లో ఆకాశం ఉన్నచోట ఇంకోదాంట్లో పెళ్లికూతురి ముఖం ఉండొచ్చు. అక్కడ అతుకు పడితే టెన్షనే.

ఫోటోషాప్‌లో పని నెమ్మది. కానీ మచ్చ సరిగ్గా ఇంద్రకీలాద్రి గుడి గోపురం అంచు మీదో, బ్యారేజీ గేటు గీత మీదో కూర్చుంటే హీల్ రంగులు అలికేస్తుంది. అక్కడ క్లోన్ స్టాంపే దిక్కు: ఎక్కడి నుంచి తీసి ఎక్కడ వేయాలో మీరే చెప్తారు. ఖాళీ లేయర్ (ఫోటో మీద పరిచే పారదర్శకమైన పొర) మీద, అన్ని లేయర్ల నుంచి శాంపుల్ తీసుకునేలా పెట్టుకుని చేయండి. నచ్చకపోతే ఆ లేయర్ తీసేయొచ్చు. ఫైలు మాత్రం బాగా బరువెక్కుతుంది.

గోడకు పెద్ద ప్రింట్ వేసే ఒక్క ఫోటోకైతే ఆ శ్రమ పడొచ్చు. అప్పుడు కూడా ఖాళీ ఆకాశంలోని చుక్కలు ముందు లైట్‌రూమ్‌లోనే తుడిచేసి, అంచుల మీదవి మాత్రం ఫోటోషాప్‌కు పంపండి.